ముప్పై ఏడో ప్రశ్నకు కీ లేదు

అశోక్‌నగర్ చూడనివాళ్ళకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. అక్కడ ఏ ప్రశ్నకైనా నాలుగే జవాబులు ఉంటాయి. వాటిలో ఒకటి ఒప్పు. ఆ ఒప్పును ‘కీ’ అంటారు. గోడల మీదా, ఆటోల వెనకా, హాస్టళ్ళ మెట్ల మీదా అంతటా కోచింగ్ బోర్డులే. టీ బండి దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళు సినిమాల గురించి కాదు, కీల గురించి పోట్లాడుకుంటారు.

నేను కాకినాడలో కణభౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. నా బతుకంతా జవాబులు దొరకని ప్రశ్నలతోనే గడిచింది. అలాంటివాణ్ణి ఆ వీధుల్లో నాలుగు రోజులున్నాను. ఒక ప్రశ్నకు తప్పు కీ ఇచ్చాను. దాన్ని వెనక్కి తీసుకోవడానికి పడ్డ పాట్లే ఈ ప్రయాణం.

నారాయణగూడ: టీలో పడ్డ బిస్కెట్

సుధాకర్, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ కలిసి చదివాం. నేను పరిశోధనకు వెళ్ళాను. తాతల నాటి నుంచీ చిక్కడపల్లిలో ఉంటున్న కుటుంబం వాడిది. వాడు ఊరు వదలకుండా అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు కోచింగ్ సెంటర్ పెట్టుకున్నాడు. సైన్స్ పేపర్ కోసం పిల్లలకు ‘కొత్త సంగతులు’ చెప్పమని నన్ను పిలిచాడు. గురువారం సాయంత్రం నేను దిగీ దిగగానే నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళాడు.

మా ఊళ్ళో ఒక బల్ల దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటే ఇంకో బల్ల వెతుక్కుంటాం. ఇక్కడ అడగకుండానే వచ్చి ఎదురుగా కూర్చుంటారు. మా ఎదుట కూర్చున్న పెద్దాయన టీని సాసర్‌లో పోసుకుని తాగుతూ మా మాటలు మొహమాటం లేకుండా వింటున్నాడు. నేను ఉస్మానియా బిస్కెట్ ముంచాను. అది సగానికి విరిగి కప్పులో మునిగిపోయింది.

“ముంచుడు, తీసుడు, అంతే. నువ్వు ముంచి ఆలోచిస్తున్నవ్,” అన్నాడు సుధాకర్. “నీ ఫిజిక్స్ లెక్కనే.”

“నా ఫిజిక్స్‌కి ఏమైంది?”

“అయిపోయిందంట గద రా? ఆ హిగ్స్ కణం దొరికినంక ఇంకేం దొర్కలేదని అంటున్నరు. గంత పెద్ద మిషన్ పెట్టి, గన్ని పైసలు పోసి... మరి గిన్నేండ్ల సంది నువ్వేం జేసినవ్?”

సమాధానం చెప్పడానికి నోరు తెరిచాను గానీ ఎదుటి పెద్దాయన కూడా దాని కోసమే చూస్తున్నట్టు సాసర్ కింద పెట్టాడు. నేను కప్పు అడుగున బిస్కెట్‌ను చెంచాతో వెతకసాగాను.

నేను చేసింది ఇదీ. మన కంటికి కనిపించే పదార్థం కంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువగా, కనిపించని పదార్థం ఒకటి విశ్వంలో ఉంది. గెలాక్సీలు తిరిగే తీరును బట్టి అది ఉందని తెలుసు. దేనితో తయారైందో తెలియదు. దాన్నే కృష్ణపదార్థం అంటారు. అది వింప్‌లనే బరువైన కణాలతో తయారై ఉండవచ్చని ఒక ఊహ. పెళ్ళిలో ఒక మూల కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా భోంచేసి వెళ్ళిపోయే చుట్టం లాంటి కణం అది. దాని బరువెంత, ఎక్కడ దొరుకుతుంది అని లెక్కలు కట్టడమే నా పని. వాటిని పట్టుకోవడానికి భూమి లోపల గనుల్లో, కణం తగిలితే పసిగట్టే పెద్ద తొట్లు కట్టారు. ఏమీ దొరకలేదు. దొరకని ప్రతిసారీ నేను లెక్క కొంచెం జరిపి, “వచ్చే పరికరానికి తప్పకుండా దొరుకుతుంది” అని వ్యాసం ఆఖరి వాక్యంగా రాశాను. ఇంకొకరు కాదు, నేనే రాశాను.

“రేపు నీ క్లాస్ అయినంక టెస్ట్ ఉంది,” అన్నాడు సుధాకర్. “నీ టాపిక్ మీద అయిదు బిట్లు గావాలె. ఈ టెస్ట్ ఉత్తది గాదు రా. ఫస్ట్ వచ్చినోళ్ళకి అసలు పరీక్ష దాక ఫీజు, హాస్టల్ ఫ్రీ అని చెప్పిన. కీ పక్కా ఉండాలె.”

అక్కడే కాగితం తీసి రాసిచ్చాను. నాలుగు ప్రశ్నలు తేలిగ్గా వచ్చాయి. అయిదోది: కృష్ణపదార్థం దేనితో తయారైంది? ఒకటి న్యూట్రినోలు, రెండు వింప్‌లు, మూడు ఆక్సియాన్లు, నాలుగు చిన్న చిన్న కృష్ణబిలాలు.

“కీ?”

“దీనికి కీ లేదురా. ఎవరికీ తెలియదు.”

“కీ లేని బిట్ ఇస్తే పిల్లలు నన్ను తంతరు. గిన్నేండ్లు చేసినవ్ గదా, ఒక్కటన్న తేల్చలేదా?”

ఎదుటి పెద్దాయన నవ్వాడు. మామూలుగానే నవ్వి ఉంటాడు. నాకు మాత్రం గుచ్చుకుంది.

“రెండు పెట్టు,” అన్నాను.

అశోక్‌నగర్: సిలబస్‌లో ఉందా?

మర్నాడు పొద్దున క్లాసు. పొడుగాటి రేకుల షెడ్డులో బెంచీకి అయిదుగురు చొప్పున కూర్చున్నారు. మా విశ్వవిద్యాలయంలో నా క్లాసుకు పదిమంది వస్తే పండగ. ఇక్కడ గుమ్మం దాకా నిండిపోయారు. మొదటి ప్రశ్న నేను సుద్దముక్క తియ్యకముందే వచ్చింది.

“సార్, ఇది సిలబస్‌ల ఉన్నదా?”

“ప్రశ్న సిలబస్ లోపలే ఉంది, జవాబు బయట ఉంది,” అన్నాను. ఎవరూ నవ్వలేదు. రాసుకున్నారు.

ఇంక దాచకుండా చెప్పాను. హిగ్స్ కణం అంత తేలికగా ఎందుకుందో తెలియదు. న్యూట్రినో అనే కణానికి బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. విశ్వం పుట్టినప్పుడు పదార్థమూ ప్రతిపదార్థమూ సమానంగా ఉంటే రెండూ ఒకదాన్నొకటి మింగేసి ఏమీ మిగలకూడదు. మనం ఎందుకు మిగిలామో తెలియదు. కృష్ణపదార్థం ఏమిటో తెలియదు. ఇవి తేల్చడానికి కొందరు, జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే వలయం కంటే చాలా పెద్దది కట్టాలంటున్నారు. కొందరు మ్యూయాన్లనే కణాలను ఢీకొట్టిద్దామంటున్నారు. ఇంకొందరు పెద్ద యంత్రాలు వద్దు, చిన్న గదిలోనే అతి జాగ్రత్తగా కొలుద్దాం, లేదా ఆకాశంలోకి చూద్దామంటున్నారు. ఏ దారి సరైందో నడిస్తేనే తెలుస్తుందని చెప్పాను.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. “అంటే సార్, కృష్ణపదార్థం గురించి ఇప్పటిదాక ఎవ్వలకీ తెల్వదు. అంతేనా?”

“అంతేనమ్మా. ఎవరైనా తెలుసంటే నమ్మకు.”

కాగితం మీద ‘రెండు’ అని ఇచ్చిన సంగతి ఆ క్షణంలో గుర్తొచ్చింది. సుధాకర్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. పిలిచి మార్చమంటే సరిపోయేది. ఇంతమంది ముందు ఎందుకులే, తరవాత చెబుదాం అనుకున్నాను. తరవాత భోజనానికి వెళ్ళాం. కర్రీ పాయింట్‌లో పచ్చిపులుసు పోశారు. మా వైపు పులుసంటే ఉడకాల్సిందే. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ పిసికి ఇంత రుచి తెస్తారని నాకు తెలియదు. రెండుసార్లు పోయించుకున్నాను. అక్కడి పిల్లలు అన్నం గదిలో వండుకుని, కూర మాత్రం కవర్లో కట్టించుకుని పోతారు. ఇదంతా చూస్తూ కీ సంగతి మరిచిపోయాను. క్లాసులో నిజం చెప్పి, కాగితంలో అబద్ధం వదిలి, పచ్చిపులుసు తాగానన్నమాట.

సాయంత్రానికి టెస్ట్ అయిపోయింది. ప్రాథమిక కీ గోడ మీద అంటించారు. నా అయిదో ప్రశ్న పేపర్లో 37వది; దాని పక్కన 2. నరేశ్ అనే కుర్రాడు ఫస్ట్. ఒక్క మార్కు తేడాతో కవిత సెకండ్.

చిక్కడపల్లి: తాళం వేసిన కుర్చీ

శనివారం పొద్దున చిక్కడపల్లి గ్రంథాలయం చూడ్డానికి వెళ్ళాను. లోపల చోటు చాలక ఆవరణంతా, చెట్ల కింద, వరండాల్లో పిల్లలు చదువుతున్నారు. ఎండగా ఉంది. కిటికీ ఊచల పక్కన ఖాళీగా ఒక ప్లాస్టిక్ కుర్చీ కనిపిస్తే కూర్చున్నాను. కుర్చీ కొంచెం జరపబోతే ఏదో కాలికి తగిలింది. చూస్తే కుర్చీకి గొలుసు, గొలుసుకు తాళం, తాళం కిటికీ ఊచకు.

“సార్, గది నా కుర్చీ.”

నిన్న క్లాసులో లేచిన అమ్మాయే. చేతిలో నీళ్ళ సీసా, చంకలో పుస్తకాలు. మా ఊళ్ళో గ్రంథాలయంలో కుర్చీలకు మనుషులు కావాలి. ఇక్కడ మనుషులు తమ కుర్చీ తాము కొని తెచ్చుకుని తాళం వేసుకుంటారు.

“మీరా సార్!” అంది. గొంతులో గౌరవం ఉంది, కానీ లేచేదాకా ఆగింది. “నేనే కవిత. మీ పుణ్యాన సెకండొచ్చింది.”

“నా పుణ్యమా?”

“37. మీరు తెల్వదన్నరు, నేను ఖాళీగ ఇడిసిన. తప్పు పెడితె మార్కు గోస్తరు గదా. నరేశ్ రెండు పెట్టిండు. కీల రెండు అని ఇచ్చిండ్రు. క్లాసుల జెప్పింది నిజమా, కీ నిజమా?”

“క్లాసులో చెప్పింది.”

“మరి కీ ఎవరిచ్చిండ్రు?”

చుట్టూ పదిమంది తలలు దించుకుని చదువుతున్నారు. ఎవరూ పేజీ తిప్పడం లేదు.

“నేనే ఇచ్చాను,” అన్నాను.

ఆమె నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది. అప్పుడు తన సంగతి చెప్పింది. వాళ్ళది మహబూబ్‌నగర్ వైపు. అమ్మానాన్నలు ఇక్కడే సెంట్రింగ్ పనిలో ఉన్నారు. పని ఏ బస్తీలో ఉంటే గుడిసె ఆ బస్తీలో. హాస్టల్ కిరాయి ఈ నెలతో ఆఖరు. ఫస్ట్ వస్తే పరీక్ష దాకా ఇక్కడ ఉంటుంది. రాకపోతే ఊరికి పోయి ప్రైవేటు బడిలో చెప్పుకోవాలి.

“అభ్యంతరం పెట్టలేదా?” అన్నాను.

అసలు పరీక్షల పద్ధతినే సుధాకర్ సెంటర్‌లోనూ పాటిస్తారు. ముందు ప్రాథమిక కీ ఇస్తారు. తప్పనిపించినవాళ్ళు గడువులోగా అభ్యంతరం రాసివ్వాలి. దానికి ఆధారం జతచెయ్యాలి. ఆధారమంటే అచ్చయిన పేజీ.

“పొద్దటి సంది గదే దేవులాడుతున్న. పన్నెండు దాకనే టైం.” చంకలోని పుస్తకాలు నా ముందు పెట్టింది. “తెలుసు అని చెప్పే పుస్తకాలు మస్తున్నయి సార్. తెల్వదు అని అచ్చేసిన పేజీ ఒక్కటి గూడ లేదు.”

తిరగేశాను. ఒకదాంట్లో ‘వింప్‌లతో తయారైనట్లు భావిస్తున్నారు’. ఇంకోదాంట్లో ‘భావిస్తున్నారు’ పోయి ‘తయారైంది’ వచ్చింది. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు, రాసుకున్న కొద్దీ నమ్మకం పెరిగింది. ఎవరో కోచింగువాళ్ళు చేసిన తప్పని నవ్వుకోవడానికి లేదు. ఆ మొదటి ‘భావిస్తున్నారు’ మా దగ్గర నుంచే వచ్చింది. మేము గట్టిగా చెప్పిన ఆశను వాళ్ళు జవాబుగా రాసుకున్నారు.

“పద,” అన్నాను. “ఆ పేజీ మనమే అచ్చువేయిద్దాం.”

“గట్ల చెల్లుతదా?”

“ఎందుకు చెల్లదు? ఈ విషయంలో నాకు తెలియదని చెప్పడానికి నాకంటే అర్హుడు ఎవరున్నారు?”

ఆమె కుర్చీ మీద పుస్తకాలు పెట్టి, పక్కమ్మాయితో “అక్కా, జర చూడు” అని చెప్పి నాతో వచ్చింది.

జిరాక్స్ షాపు

గ్రంథాలయం దగ్గరున్న జిరాక్స్ షాపులో డీటీపీ చేసే అతను నన్ను “చెప్పన్నా” అన్నాడు. మా వైపు నా నెరిసిన జుట్టు చూసి “బాబాయిగారూ” అంటారు. అన్న అనిపించుకోవడం బాగానే ఉంది. నేను చెబుతుంటే అతను టైపు చేశాడు:

‘కృష్ణపదార్థం ఉందనడానికి ఆధారాలున్నాయి. అది దేనితో తయారైందో ఇప్పటివరకు ఎవరికీ తెలియదు. వింప్‌లు, ఆక్సియాన్లు అన్నవి ఊహలు. ఈ విషయం మీద ఇన్నేళ్ళు పనిచేసిన నాకు కూడా తెలియదు. నేను ఇచ్చిన కీ తప్పు.’

అతను చెయ్యి ఆపాడు. “ఇది ఏ డిపార్ట్‌మెంట్ నోటిఫికేషనన్నా?”

“మా డిపార్ట్‌మెంట్‌దే.”

“సర్కారోళ్ళు గూడ తెల్వదని రాసిస్తున్నరా? మంచిగుంది. ఒక కాపీ నేను ఉంచుకుంట.”

సంతకం పెట్టాను. కవిత పేజీని రెండుసార్లు చదివింది. “ఆఖరు లైను మస్తుంది సార్,” అంది. మెచ్చుకుందో, దెప్పిందో నాకింకా తేలలేదు.

మళ్ళీ అశోక్‌నగర్: సుధాకర్ గది

గడువులోపే ఇచ్చాం. సుధాకర్ చదివి, కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

“నీ కీ మీద నువ్వే అభ్యంతరం పెడ్తున్నవా?”

“అవును.”

“పక్క సెంటరోళ్ళు నవ్వుతరు రా. ఇప్పుడు గీ బిట్ తీసేస్తే నరేశ్‌కు ఒక మార్కు పోతది. ఇద్దరూ సమానమైతరు. సమానమైతే వయసు పెద్దోళ్ళకు ఇచ్చుడు రూలు. కవిత పెద్దది. ఆ పోరనికి ఏం జెప్పాలె?”

నరేశ్ అక్కడే ఉన్నాడు. కబురు ముందే అందింది. “నేనేం తప్పు జేసిన సార్?” అన్నాడు నన్ను చూసి. “పుస్తకంల ఉన్నదే నేను పెట్టిన. కీల గూడ అదే వచ్చింది.”

“నువ్వేం తప్పు చెయ్యలేదు. తప్పు నాది.”

“మీది తప్పయితే మార్కు నాదెందుకు పోవాలె?”

తప్పు కీ ఎప్పుడూ ఇచ్చినవాడి చేతిలో పేలదు.

“సుధాకర్, నాకిస్తానన్న క్లాసుల డబ్బులు ఇతని ఫీజులో వేసుకో,” అన్నాను.

“అవి రెండు వారాలకు మించి రావు.”

“రెండు వారాలకే వేసుకో.”

సుధాకర్ కాగితాన్ని బల్ల మీద తట్టాడు. “సరే, బిట్ తీసేస్త. తీసేసిన అంటే చాలు. మళ్ళ ఈ తెల్వదు, తెల్వదు అని ఊరంతా చెప్పుడెందుకు? నీ ఇజ్జత్ పోతది. మొన్న నేనన్నదే నిజమైతది. అయిపోయింది మీ ఫిజిక్స్ అని.”

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో నేను సిగ్గుపడకుండా గుర్తుచేసుకునేది ఆ కోపాన్నే.

“అయిపోవడమేమిట్రా? విశ్వంలో ఉన్న పదార్థంలో ఎక్కువ భాగం ఏమిటో తెలియని చోట పని ఎలా అయిపోతుంది? నేను చెప్పిన కణం దొరక్కపోతే నేను ఓడిపోతాను. నా లెక్కలు చెత్తబుట్టలోకి పోతాయి, పోనీ. ప్రశ్న ఓడిపోదు. తొట్లు ఖాళీగా ఉన్నాయని నవ్వుతున్నారు. ఖాళీగా ఉందని కొలిచి చెప్పడం కూడా పనే. దొరుకుతుంది, దొరుకుతుంది అని రాసి మా పరువు మేమే తీసుకున్నాం. తెలియదని చెప్పి ఎవరూ పరువు పోగొట్టుకోలేదు. తుది కీలో ‘తొలగించబడింది’ అని రాయకు. ‘తెలియదు’ అని రాయి.”

“ఓఎమ్మార్ షీట్‌ల గసొంటి ఆప్షన్ లేదు రా.”

“షీట్‌లో లేదు. లోకంలో ఉంది.”

బయట ఎవరో నోట్సు వల్లె వేస్తున్నారు. సుధాకర్ నన్ను చూసి, కవితను చూసి, “నీకు ఫిజిక్స్ ఇష్టమా బిడ్డా?” అన్నాడు.

“నాకు ఫిజిక్స్ వద్దు సార్,” అంది కవిత. “నాకు నా మార్కు గావాలె. మీరే గదా చెప్పింది, ఆధారం ఉంటె కీ మారుస్తమని. ఆధారం ఇచ్చిన. ఇంక ఇష్టాలెందుకు?”

సుధాకర్‌కు నవ్వు ఆగలేదు. నరేశ్ నవ్వలేదు. తలుపు లాగి వెళ్ళిపోయాడు.

గోడ మీద

ఆదివారం పొద్దున నా ఆఖరి క్లాసు. మొదట అందరి ముందూ నిలబడి, కీ ఎలా ఇచ్చానో చెప్పాను. ఇరానీ హోటల్, బిస్కెట్, ఎత్తిపొడుపు, అన్నీ చెప్పాను. పిల్లలు నవ్వారు, నవ్వాల్సిందే. నరేశ్ ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. క్లాసయ్యాక పలకరిస్తే, సెలవన్నట్టు “ఉంట సార్” అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. క్షమించమని అడగలేదు నేను. అడిగితే ఇంకో బరువు అతని మీద పెట్టినట్టవుతుందనిపించింది.

బయలుదేరేటప్పటికి తుది కీ గోడ మీద ఉంది. మిగతా వరుసలన్నిటి పక్కన అంకెలు. 37 పక్కన మాత్రం ‘తెలియదు’. సుధాకర్ దాని కింద సన్నటి అక్షరాలతో ‘(ఎవ్వరికీ)’ అని చేత్తో చేర్చాడు. పిల్లలు మూగి ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకడు “అరే, గిట్ల గూడ కీ ఇస్తరా?” అంటున్నాడు.

కవిత మెట్ల దగ్గర ఎదురైంది. చేతిలో కుర్చీ తాళం చెవి ఉంది.

“అసలు పరీక్ష దాక ఇక్కడనే ఉంట సార్,” అంది.

“బాగా చదువుకో.”

రెండు మెట్లు దిగి ఆగింది. “సార్, గది ఎప్పుడు తెలుస్తది? కృష్ణపదార్థం సంగతి?”

వచ్చే పరికరానికి తెలుస్తుందని అలవాటుగా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

“చెప్పలేనమ్మా. నేనుండగా తెలియకపోవచ్చు.”

“తెలిస్తే చెప్పుండ్రి,” అంది. “కానీ ఆధారం పెట్టాలె. ఉత్తగ చెప్తె మల్ల అభ్యంతరం పెడ్త.”

కాకినాడ వచ్చాక నా గది తలుపు లోపలి వైపు ఆ జిరాక్స్ కాగితాన్ని అంటించాను. దాని పక్కనే మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. ఈసారి ఆఖరి వాక్యం ముందే రాసి పెట్టుకోలేదు.